1967 స్పైడర్‌మ్యాన్: ఎపిసోడ్ నంబర్లు కలవకపోతే

1967లో మొదలైన స్పైడర్‌మ్యాన్ కార్టూన్ సిరీస్‌కి ఎపిసోడ్ల వారీగా రివ్యూలు రాస్తుంటే నంబర్లు కలవడం లేదనీ, ఫైళ్లు పాడయ్యాయా, కొన్ని డూప్లికేట్లా అనీ అడిగారు. మీ ఫైళ్లు పాడవలేదు. లిస్టులో 52 ఎపిసోడ్లుంటే మీ దగ్గర అంతకంటే ఎక్కువ ఫైళ్లు ఉండటానికి కారణం మొదటి సీజనే. అందులో ఉన్నవి 20 ఎపిసోడ్లు, చాలావాటిలో రెండేసి కథలు. మీ కాపీలో వాటిని విడదీసి పెట్టినట్టున్నారు.

1. ఫైల్ పేరులోని నంబర్ నమ్మకండి. ఒక్కో ఫైల్ తెరిచి, కథ మొదట్లో కథ పేరుతో వచ్చే టైటిల్ కార్డు చదవండి. అందరూ స్కిప్ కొట్టేసేది ఇక్కడే! ‘ద పవర్ ఆఫ్ డాక్టర్ ఆక్టోపస్’, ‘సబ్-జీరో ఫర్ స్పైడీ’ రెండూ కలిపితేనే మొదటి ఎపిసోడ్. మీరు మూడోదిగా రివ్యూ రాసిన బల్లి మనిషి కథ నిజానికి రెండో ఎపిసోడ్‌లో సగం.

2. రివ్యూకి కథ పేరే పెట్టండి. నంబర్ కావాలంటే 1-అ, 1-ఆ అని పక్కన వేయండి.

3. రెండో సీజన్ నుంచి బొమ్మల తీరు మారిందనీ, భవనాల మధ్య అదే ఊగుడు మళ్లీ మళ్లీ వస్తోందనీ అన్నారు కదా, అవి డూప్లికేట్లు కావు. మొదటి సీజన్ తీసిన గ్రాంట్రే-లారెన్స్ సంస్థ దివాలా తీశాక పని రాల్ఫ్ బక్షి అనే యానిమేటర్ చేతికి వచ్చింది. డబ్బు తక్కువ, దాంతో పాత షాట్లే అతికించారు. ‘రివోల్ట్ ఇన్ ద ఫిఫ్త్ డైమెన్షన్’కైతే ‘రాకెట్ రాబిన్ హుడ్’ అనే వేరే కార్టూన్ నుంచే బొమ్మలు ఎత్తుకొచ్చారు. (నాకు మాత్రం ఆ పిచ్చి రంగులే ఇష్టం.)

రెండు ఫైళ్లలో టైటిల్ కార్డు కూడా ఒకటే అయితేనే అందులో ఒకటి డిలీట్ చేయండి.