ఆ ఒక్క ఓటమి ఎప్పుడొచ్చింది?

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు, రెండేళ్లుగా బాక్సింగ్ నేర్చుకుంటోంది. పోయిన నెల పోటీలో రెండో రౌండ్‌లోనే ముక్కులోంచి రక్తం కారితే ఆపేశారు. అప్పటినుంచి మా అత్తగారు ‘ముక్కు వంకరైతే పిల్లనెవరు చేసుకుంటారు’ అని ఒకటే గోల. పిల్లేమో గది దాటి రావట్లేదు. జర్మనీ బాక్సర్ రెజీనా హాల్మిష్ 56 ఫైట్లలో ఒక్కటే ఓడిపోయిందని చదివి, ‘నేను మొదట్లోనే ఓడిపోయాను, ఇంక నా వల్ల కాదు’ అంటోంది. ఏం చెప్పమంటారు?
– ఒక అమ్మ, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, మీ పాప చదివిన లెక్క నిజమే. 54 గెలుపులు, ఒక డ్రా, ఒక ఓటమి. కానీ ఆ ఓటమి ఎప్పుడొచ్చిందో తను చూసినట్టు లేదు. చివర్లో, ఒంట్లో ఓపిక తగ్గాక వచ్చింది కాదది. హాల్మిష్ 1994లో ప్రొఫెషనల్‌గా దిగింది, 1995లోనే ఓడిపోయింది. అప్పటికి 18 ఏళ్లు, అంటే మీ పాప కంటే ఒక్క ఏడాది పెద్ద. జర్మనీలోని సొంత ఊరు కార్ల్స్‌రూహె నుంచి అంత దూరం లాస్ వేగాస్ వెళ్లి ఈవాన్ ట్రెవినోతో తలపడితే నాలుగో రౌండ్‌లో గాయమై ఫైట్ ఆపేశారు. అచ్చం మీ పాపకి జరిగినట్టే. అదే ఏడాది సొంత ఊళ్లో కిమ్ మెసర్‌ని ఓడించి ప్రపంచ టైటిల్ గెలిచింది, ఆ తర్వాత 2007లో రిటైరయ్యేదాకా ఆమెను ఓడించినవాళ్లే లేరు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల బాక్సింగ్ 2012లో గానీ రాలేదు కాబట్టి ఆ రోజుల్లో ఆ దారీ లేదు. లాయర్ ఆఫీసు పని నేర్చుకున్న అమ్మాయి ఇదంతా చేసింది.

అంతదూరం ఎందుకు, మన నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్‌కి 2017లో భుజం గాయమై ఆపరేషన్ అయింది, ఏడాది దాకా రింగుకి దూరం. 2022లో, మళ్లీ 2023లో ప్రపంచ ఛాంపియన్.

నేను పొద్దున్నే స్టేడియం వైపు నడకకి వెళ్లినప్పుడు బాక్సింగ్ పిల్లలు చేతులకి గుడ్డ పట్టీలు చుట్టుకోవడం చూస్తుంటాను. బొటనవేలికి మెలిక వేసి, మణికట్టు చుట్టూ బిగించి, పట్టీ కొసని పళ్లతో పట్టుకుని రెండో చేత్తో చుట్టుకుంటారు. ఇంటికెళ్లి వాటిని ఉతికి దండెం మీద ఆరేసుకుంటారు. మీ ఇంటి దండెం మీద ఆ పట్టీలు ఈ నెలంతా కనపడలేదనే కదా మీ దిగులు. తనని తిట్టొద్దు, బతిమాలొద్దు, 1995 సంగతి ఒక్కటి చెప్పి ఊరుకోండి.

మీ అత్తగారి భయాన్ని మాత్రం కొట్టిపారేయకండి. ముందు ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. ముక్కు ఎముకకి ఏమీ కాలేదని డాక్టరు నోటి నుంచే ఆవిడ వింటే సగం టెన్షన్ తగ్గుతుంది. తలనొప్పి, వాంతులు, కళ్లు మసకలు లాంటివి ఏవైనా ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, డాక్టరు సరే అనేదాకా పిల్ల ఎంత ఏడ్చినా రింగులోకి పంపొద్దు, కోచ్ అడిగినా సరే.

ప్రశ్న: హాల్మిష్ టీవీలో ఒక మగాడి ముక్కు పగలగొట్టిందట, నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నిజమే తమ్ముడూ. 2001లో స్టెఫాన్ రాబ్ అనే టీవీ వ్యాఖ్యాతతో. ఆమె ఫ్లైవెయిట్, అంటే 50.8 కిలోల లోపు, అతనేమో ఆమె కంటే ఎంతో బరువు. అయినా ముక్కు విరిగింది, పాయింట్లూ ఆమెకే. 2007లో మళ్లీ తలపడ్డాడు, మళ్లీ ఓడాడు. ఇవి ప్రదర్శన పోటీలు కాబట్టి ఆ 54లో కలపరు.

ప్రశ్న: ఫైట్లన్నీ సొంత దేశంలో పెట్టుకుంటే ఎవరైనా గెలుస్తారు. ఆ రికార్డుకి అంత విలువ ఉందంటారా?
– రిటైర్డ్ పీఈటీ, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మాస్టారూ, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. ఎక్కువ ఫైట్లు జర్మనీలోనే జరిగాయి. 54 గెలుపుల్లో నాకౌట్లు 16, మిగతావి చాలావరకు జడ్జిల చేతుల్లో తేలినవే, సొంత జనం అరుపులు జడ్జిల చెవిన పడవని నేనూ అనలేను. అయినా నేను ఆమె పక్షమే. 2004లో అమెరికా బాక్సర్ ఎలీనా రీడ్‌తో డ్రా అయింది. టైటిల్ తన దగ్గరే ఉంది కదా, తప్పించుకు తిరిగితే సరిపోయేది. అలా చెయ్యకుండా 2005లో మళ్లీ ఆమెతోనే తలపడి గెలిచింది. చివరి ఫైట్‌కీ తేలిక మనిషిని చూసుకోలేదు. 2007 నవంబర్ 30న కార్ల్స్‌రూహెలో ఇజ్రాయెల్ బాక్సర్ హగర్ ఫైనర్‌తో పది రౌండ్లు నిలబడాల్సి వచ్చింది. ముగ్గురు జడ్జిల్లో ఇద్దరు హాల్మిష్‌కి ఇచ్చారు, ఒకరు ఫైనర్‌కి. సొంత ఊళ్లో, సొంత జనం మధ్య కూడా ఒక జడ్జి అవతలి అమ్మాయికి వేశాడు మాస్టారూ.