ఏడు ముసుగుల నాట్యం ఏ రాగం?

ప్రశ్న: మాది నాదస్వరం వాయించే కుటుంబం. మా అబ్బాయి ఫోన్‌లో ‘సలోమే’ అనే ఒపెరా (పాటలతో నడిచే పాశ్చాత్య నాటకం)లోని ‘ఏడు ముసుగుల నాట్యం’ సంగీతం వినిపించాడు. మధ్యలో ఒక వాద్యం అచ్చం మన సన్నాయిలా పలికింది! అది ఏ రాగమండీ? దాని మీద గొడవ జరిగిందట, ఎందుకు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీ చెవికి దండం. అది ఓబో అనే పాశ్చాత్య వాద్యం. నాదస్వరంలాగే దానికీ రెండు రెల్లు పలకల మధ్య నుంచే గాలి ఊదాలి. రాగమని ఒక పేరు పెట్టలేం. నాకు మాత్రం మాయామాళవగౌళ గాలి సోకినట్టుంటుంది, అంతలోనే వియన్నా వాల్ట్జ్ అనే జంట నాట్యపు బాణీలోకి జారిపోతుంది. మొదట్లో డప్పుల హోరు, తర్వాత ఓబో మెల్లగా మెలికలు తిరగడం, చివర్లో ఆర్కెస్ట్రా అంతా పరుగు. దాదాపు పది నిమిషాలు. ఒపెరా అంతా రాశాక స్వరకర్త రిచర్డ్ స్ట్రాస్ ఈ ముక్కను ఆఖరున కూర్చాడు.

గొడవకు కారణం కథే. సవతి తండ్రి హెరోదు రాజు ముందు సలోమే ఆడుతుంది, బహుమతిగా ప్రవక్త యోహాను తల అడుగుతుంది, ఆ తెగిన తలను ముద్దాడుతుంది! 1905 డిసెంబర్ 9న జర్మనీలోని డ్రెస్డెన్‌లో మొదటి ప్రదర్శన. సలోమే పాత్ర పాడిన గాయని మారీ విట్టిక్ నాట్యం చేయనంది, ఆమె బదులు ఒక నర్తకి ఆడింది. (మన సినిమా డూప్ గుర్తొచ్చిందా?) వియన్నాలో సెన్సారు అడ్డుపడింది. 1907లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా వాళ్లు ఒక్క ప్రదర్శనతో ఆపేశారు. ఇది స్ట్రాస్‌కు చేటు చేస్తుందన్నాడు జర్మన్ చక్రవర్తి. ఆ చేటుతోనే జర్మనీలోని గార్మిష్‌లో ఇల్లు కట్టుకున్నానని స్ట్రాస్ తర్వాత చెప్పుకున్నాడు.