టుపాక్ చనిపోయాక కూడా అన్ని ఆల్బమ్‌లు ఎలా వచ్చాయి? వినడం ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న చూడగానే మా హాస్టల్ గది గుర్తొచ్చింది. 2005లో ఇంజినీరింగ్ చదివేటప్పుడు కోఠిలో అమెరికన్ ర్యాపర్ టుపాక్ షకూర్ పాటల ఎంపీత్రీ సీడీ కొన్నాను. రెండు రోజులు విన్నాక అనుమానం మొదలైంది. ఒక పాటలో విన్న లైన్లే ఇంకో పాటలో, వేరే మ్యూజిక్ మీద వస్తున్నాయి. సీడీ డూప్లికేట్ అని (డూప్లికేటే, అది వేరే సంగతి) వెళ్లి షాపతనితో గొడవ పెట్టుకున్నాను. "పోయి పాడినోణ్నే అడుగన్నా" అన్నాడు. పాడినోడు పోయి అప్పటికి తొమ్మిదేళ్లు.

తప్పు సీడీది కాదని తర్వాత తెలిసింది. ఆ రెండూ 'ఐ వండర్ ఇఫ్ హెవెన్ గాట్ ఎ ఘెట్టో', 'చేంజెస్'. జాతి ద్వేషం మీద రాసుకున్న లైన్లను టుపాక్ రెండింట్లోనూ వాడుకున్నాడు. అతను బతికుండగా రెండూ ఏ ఆల్బమ్‌లోనూ రాలేదు. మొదటిది 1997లో, రెండోది 1998లో 'గ్రేటెస్ట్ హిట్స్'లో ఆల్బమ్‌లకెక్కాయి.

అన్ని పాటలు ఎలా మిగిలాయంటే, 1995 అక్టోబర్‌లో 14 లక్షల డాలర్ల బెయిల్ మీద జైలు నుంచి వచ్చాడు. 1996 సెప్టెంబర్ 7న లాస్ వేగస్‌లో కాల్పులు, 13న మరణం. వయసు 25. ఈ మధ్యలో ఉన్నది పదకొండు నెలలే. స్టూడియోలోనే కాపురం పెట్టినట్టు పాడాడు. అక్కడికక్కడే రాయడం, గబగబా పాడేయడం, మిక్సింగ్ తర్వాత చూసుకోండని ఇంకో పాట ఎత్తుకోవడం. 27 పాటల 'ఆల్ ఐజ్ ఆన్ మి' 1996 ఫిబ్రవరికే వచ్చేసింది. ఆగస్టులో మకవెలి అనే మారుపేరుతో ఇంకో ఆల్బమ్ వారంలో ముగించాడు. పేరులోనే 'ద 7 డే థియరీ' అని ఉంటుంది. అది నవంబర్‌లో రిలీజైంది, చూసుకోవడానికి అతను లేడు.

స్టూడియో టేపులో గొంతు ఒక ట్రాక్, డ్రమ్స్ ఇంకో ట్రాక్, ఇలా విడివిడిగా ఉంటాయి. కాబట్టి గొంతు ఒక్కటే తీసి కొత్త బీట్ మీద పెట్టొచ్చు. విడుదల కాని పాటల కోసం వాళ్లమ్మ అఫెనీ కోర్టుకెక్కింది, అమరు అనే కంపెనీ పెట్టి ఒక్కొక్కటిగా బయటికి తెచ్చింది. అన్నీ ఒకేలా ఉండవు. 2004లో వచ్చిన 'లాయల్ టు ద గేమ్'కి ఇంకో ర్యాపర్ ఎమినెమ్ తన బీట్లకు సరిపోయేలా ఆ గొంతు స్పీడు, శ్రుతి మార్చాడు. నాకైతే సెల్స్ వీకైన వాక్‌మన్‌లో విన్నట్టుంటుంది. ఎమినెమ్ ఫ్యాన్స్ తిట్టుకుంటే తిట్టుకోండి.

అతనే దగ్గరుండి చేసిన పాటల్లో ఒక సంగతి గమనించండి. ఒకే వెర్స్‌ను (చరణాన్ని) రెండు మూడుసార్లు పాడి ఒకదాని మీద ఒకటి వేసేవాడు. హెడ్‌ఫోన్స్‌లో వింటే మాట చివర కొంచెం అటూ ఇటూ అవుతూ, పక్కన ఇంకో టుపాక్ ఉన్నట్టు వినిపిస్తుంది. అది దొరికిందంటే ఇక వదలరు.

మొదలుపెట్టడానికి నా ఓటు 1995 నాటి 'మీ అగైనెస్ట్ ద వరల్డ్'కే. అది అమెరికా చార్టుల్లో నంబర్ వన్ అయినప్పుడు అతను జైల్లో ఉన్నాడు. అందులోని 'డియర్ మామా' లిరిక్స్ నెట్ సెంటర్‌లో ప్రింట్ తీయించుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని విన్నాను. అఫెనీ నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ మనిషి. కడుపుతో జైల్లో ఉండి, తన కేసు తనే వాదించుకుని నిర్దోషిగా బయటపడింది. నెల తర్వాత, 1971 జూన్‌లో, ఇతను పుట్టాడు. ఆ తర్వాతెప్పుడో డ్రగ్స్‌లో పడింది. మన పాటల్లో అమ్మంటే దేవతే, ఒక్క మచ్చ ఉండదు. ఇక్కడ కొడుకు ఆ అలవాటు సంగతి మొహమాటం లేకుండా చెప్పి, అయినా నువ్వు రాణివే అంటాడు. ఆ లైన్ అర్థమైన రాత్రి ఇంటికి ఎస్‌టీడీ చేశాను. ఏం మాట్లాడాలో తెలియక మా అమ్మను తిన్నావా అని అడిగి పెట్టేశాను.

దాని తర్వాత '7 డే థియరీ' వినండి. 'ఆల్ ఐజ్ ఆన్ మి' పార్టీలకు బాగుంటుంది, తొందరేం లేదు. 'చేంజెస్' మాత్రం 'హెవెన్' పాట విన్న వెంటనే పెట్టుకోండి, నేను షాపతనితో ఎందుకు గొడవపడ్డానో తెలుస్తుంది. బూతులు గట్టిగానే ఉంటాయి, ఇంట్లో స్పీకర్‌లో పెట్టకండి.