అబ్బాయి గది ఖాళీగా ఉందని...

ప్రశ్న: నాకు 59 ఏళ్లు. టీచరుగా రిటైరయ్యాను. తార్నాకలో ఉంటాం. ఒక్కగానొక్క కొడుకు డాలస్‌లో ఉన్నాడు. విదేశీ విద్యార్థులకు ఇక్కడ అలవాటయ్యేదాకా తోడుగా ఉండే వాలంటీర్లు కావాలంటే ఆగస్టులో పేరిచ్చాను. టాంజానియా నుంచి ఎం.ఏ. చదవడానికి వచ్చిన అమ్మాయిని పరిచయం చేశారు. సిమ్ కార్డు, బ్యాంకు పని దగ్గరుండి చూశాను. రెండు ఆదివారాలు భోజనానికొచ్చింది. "హాస్టల్ ఎందుకు, మా అబ్బాయి గది ఖాళీగానే ఉంది, వచ్చెయ్" అన్నాను. అప్పటి నుంచి పరీక్షలంటూ తప్పించుకుంటోంది. "ఊరికే నెత్తికెత్తుకున్నావు" అంటున్నారు మావారు. నేనేం తప్పు చేశాను?

జవాబు: తప్పనలేనమ్మా. ఎవరూ తెలియని ఊళ్లో దిగిన పిల్లకు మొదటి వారంలో పక్కన ఒక మనిషి నిలబడటం ఎంత ధైర్యమో! అది మీరు ఇచ్చారు.

కానీ ఆ గది మాట దగ్గర నేను ఆగిపోయాను. అది మీ అబ్బాయి గది. అందులోకి రమ్మంటే, ఆ ఖాళీని కూడా నింపమన్నట్టు ఆ పిల్లకు అనిపించి ఉంటుంది. తనకు అమ్మ ఉంది. పెద్దవాళ్లకు రానని మొహం మీద చెప్పలేక పరీక్షలంటోంది. పైగా స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు చిరునామా మారితే విదేశీయుల నమోదు చూసే ప్రభుత్వ కార్యాలయం ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓకు తెలియజేయాలి. విదేశీయులను ఇంట్లో ఉంచుకునేవాళ్లు 24 గంటల్లోగా ఆ వివరాలు అధికారులకు ఇవ్వాలి. ఇవన్నీ తెలియకుండా పిలిస్తే ఆ పిల్లకే టెన్షన్.

ఇంకో కారణమూ ఉండొచ్చు. మానవశాస్త్రవేత్త కాలెర్వో ఓబెర్గ్ కల్చర్ షాక్‌ను దశలుగా వివరించాడు. మొదట్లో అన్నీ కొత్తగా, ముచ్చటగా ఉంటాయి. కొన్నాళ్లకు అవే విసుగు పుట్టిస్తాయి. మెస్ కూర, లెక్చరర్ యాస, బస్సులో తేరిపార చూసే కళ్లు. ఆ చూపుల గురించి ఆఫ్రికా విద్యార్థులు నాతో చెప్పుకుని బాధపడ్డారు. ఆ రోజుల్లో మనిషి ముడుచుకుపోతుంది. అది మీ మీద కోపం కాదు.

ఇకనుంచి మీరు పెట్టడం తగ్గించి, తనను అడగడం మొదలుపెట్టండి. వాళ్ల దేశంలో మాట్లాడే స్వాహిలీ భాషలో చిన్నవాళ్లు పెద్దవాళ్లను "శికమూ" అని పలకరిస్తారు, పెద్దవాళ్లు "మరహబా" అని బదులిస్తారు. ఆ ఒక్క మాట ఎలా పలకాలో తననే నేర్పమనండి. వాళ్లు మొక్కజొన్న పిండితో వండుకునే ఉగాలీ మన సంగటికి చుట్టమే, చేత్తో ముద్ద చేసుకునే తింటారు. ఒకరోజు మీ వంటింట్లో తననే వండమనండి. మీరు పక్కన ఉల్లిపాయలు తరగండి. నాకు తెలిసి, ఎప్పుడూ తీసుకునే చోట కన్నా తానూ ఏదైనా ఇవ్వగలిగిన చోటే ఏ పిల్లయినా చనువుగా ఉంటుంది.

ప్రతి ఆదివారమూ ఇంటికే అనకండి. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాలు చూడటానికి వెళ్లండి. గంటసేపు చాలు. మీవారినీ రమ్మనండి. మీ మనసు నొచ్చుకుంటుందనే ఆయన అలా అంటున్నారేమో.

రెండు వారాలకొక మెసేజ్ పెట్టండి, జవాబు రాకపోయినా నిష్ఠూరం వద్దు. "గది సంగతి మర్చిపో, నీకు వీలైనప్పుడే కలుద్దాం" అని మొదటి మెసేజ్‌లోనే రాయండి. క్లాసులకు వెళ్లడం మానేసిందని, తిండి తినడం లేదని తెలిస్తే మాత్రం ఆగకండి. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసేవాళ్లకు చెప్పండి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు ఉచితం, తను కూడా చేసుకోవచ్చు.

మీ అబ్బాయికి ఒక ఫోన్ చేయండి. ఎప్పుడొస్తావని కాకుండా, "అక్కడ నీ మొదటి మూడు నెలలు ఎలా గడిచాయిరా, ఎవరైనా నిన్ను దగ్గరకు తీశారా, వాళ్లలో నీకేం నచ్చింది, ఎక్కడ ఊపిరాడలేదు" అని అడగండి. మనకు పొద్దున ఎనిమిదైతే డాలస్‌లో ముందురోజు రాత్రి. పని ముగించుకుని ఉంటాడు, తీరిగ్గా మాట్లాడతాడు.