గుండ్ల సందులో చల్లగాలి

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. మా ఊరి పక్కన గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే కొండ ఉంది. మే నెల మధ్యాహ్నం దాని అడుగున ఒక సందు దగ్గర కూర్చుంటే కాళ్లకు చల్లగాలి తగులుతుంది. మా తాత మేకలు తోలుకుపోయినప్పుడు మజ్జిగ ముంత అక్కడే పెట్టేవాడు. లోపల నీటి ఊట ఉందని ఊళ్లో అంటారు. కొన్ని దేశాల్లో ఇలాంటి రాళ్ల కింద ఎండాకాలంలోనూ మంచుగడ్డ ఉంటుందట. మా కొండలోనూ ఉంటుందా?
— ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: మీ తాతగారు మంచి చోటే ఎంచుకున్నారు. లోపల ఊట లేకపోయినా ఆ గాలి వస్తుంది.

చల్లని గాలి బరువు ఎక్కువ. సముద్రమట్టం దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సున్నా డిగ్రీల వద్ద సుమారు 1.29 కిలోలు తూగితే, 40 డిగ్రీల వద్ద 1.13 కిలోలే తూగుతుంది. ఈ కాస్త తేడా చాలు. చలికాలపు రాత్రి రాళ్ల లోపలి గాలి బయటి గాలికంటే వెచ్చగా ఉంటుంది. తేలికైన ఆ గాలి పొగగొట్టంలో పొగలా పై సందుల నుంచి పోతుంది. దాని చోట్లోకి అడుగు సందుల గుండా చలిగాలి చొరబడి లోపలి రాళ్లను చల్లారుస్తుంది. ఎండాకాలంలో దారి తిరగబడుతుంది. లోపలి చల్లగాలి తన బరువుకే కిందికి జారి, మీరు కూర్చున్న సందు నుంచి బయటికి వస్తుంది.

గుత్తిలో పనిచేసిన రోజుల్లో ఒక జనవరి తెల్లవారుజామున ఇలాంటి గుట్ట అడుగున అగరుబత్తి వెలిగించి పట్టుకున్నాను. పొగ సందు లోపలికి వంగింది. మే నెలలో అక్కడే పట్టుకుంటే నా ముఖం మీదికి వచ్చింది. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా కలగని సంతోషం ఆ రోజు కలిగింది.

మీరు విన్నది నిజమే. స్విట్జర్లాండ్‌లోని క్రూ దు వాన్ దగ్గర, సుమారు 1,200 మీటర్ల ఎత్తున, ఏడాది సగటు ఉష్ణోగ్రత సున్నాకు పైనే ఉన్నా రాళ్లవాలు అడుగున నేల గడ్డకట్టి ఉంటుంది. అక్కడి స్ప్రూస్ చెట్లు, అంటే చలిదేశాల్లో పెరిగే సూదుల్లాంటి ఆకుల చెట్లు, గిడసబారి ఉంటాయి. దక్షిణ కొరియాలో మిర్యాంగ్ దగ్గరి లోయలో ఎండలు ముదిరే వేళ రాళ్ల మధ్య మంచు కనిపిస్తుంది. చలికాలమంతా చల్లబడిన రాళ్ల మీదికి వసంతంలో నీరు దిగి గడ్డకట్టడమే ఇలాంటి మంచుకు మూలం. చైనాలోని గోల్మూద్ నుంచి టిబెట్‌లోని లాసాకు 2006లో రైళ్లు మొదలైన మార్గంలో కూడా, కింద గడ్డకట్టిన నేల కరిగి కట్ట కుంగిపోకుండా చాలా చోట్ల పగలగొట్టిన రాళ్ల పొర వేశారు. చలికాలపు గాలి అందులో తిరిగి నేలను చల్లారుస్తుంది.

మీ కొండలో మాత్రం మంచుగడ్డ ఉండదు. చలికాలంలో ఎంత చలి లోపలికి వెళితే అంతే నిల్వ ఉంటుంది. మన వైపు రాత్రులు సున్నాకు దిగవు కాబట్టి ఆ సందు ఇవ్వగలిగింది చల్లదనమే. బయట 40 దాటినప్పుడు అదీ తక్కువ భాగ్యం కాదు. సందులు మట్టితో పూడినా, గుండ్లను కంకరకు పగలగొట్టినా అది పోతుంది. పోనివ్వకండి.

సందులో చేయి మాత్రం పెట్టవద్దు. ఆ చల్లదనం పాములకూ తెలుసు, మన గుట్టల్లో ఎలుగుబంట్లూ ఉన్నాయి. కర్రకు థర్మామీటరు కట్టి, మేలో మధ్యాహ్నం ఒకసారి, జనవరిలో తెల్లవారుజామున ఒకసారి లోపలా బయటా చూసి ఆ నాలుగు అంకెలూ నాకు రాయండి.