వంటింటి ఉత్తరాలు: రాత్రి వంట సంగతి పొద్దున్నే తేలిపోవాలి

ప్రశ్న: పిన్నిగారికి నమస్కారం. మాది తెనాలి. టైలరింగ్ షాపు నడుపుతున్నాను. డిసెంబరు వచ్చిందంటే క్రిస్మస్ బట్టలు, అవి అవ్వగానే జనవరి ఫస్టు, వెంటనే సంక్రాంతి. రాత్రి తొమ్మిదైతే గానీ మిషన్ మీంచి లేవను. ఆదివారం ఒక్కటే ఇంటిపట్టున ఉండేది. ఇంట్లో ఐదుగురం. అత్తగారికి షుగరు, పైగా పళ్ళు లేవు. పెద్దవాడు పదో తరగతి. మా ఆయన ఏడింటికల్లా వచ్చేస్తారు గానీ స్టవ్ దగ్గరికి రారు. అందరూ నా కోసమే తినకుండా కూర్చుంటారు. వారంలో సగం రాత్రులు కర్రీ పాయింటే. పిల్లలకి అన్యాయం చేస్తున్నానేమో అని టెన్షన్. ఒక వారానికి రాత్రి భోజనాలు ఏం వండుకోవాలో చెప్పండి.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మాయ్, కర్రీ పాయింట్ సంగతి ముందు తేల్చేద్దాం. అక్కణ్ణుంచి దొండకాయ వేపుడో బెండకాయ వేపుడో తెచ్చుకుంటే ఏ పాపమూ అంటుకోదు. వేపుడంటే దగ్గరుండి కలుపుతూ ఉండాలి, నీకా తీరిక లేదు. పప్పు, చారు మాత్రం కొనకు. గుంటూరులో ఇంటర్ పిల్లలకి మెస్సు నడిపినదాన్ని, ఏ గిన్నెలో ఎన్ని నీళ్ళు పడతాయో నాకు తెలుసు.

ఇంకోటి. మీ అత్తగారిని తొమ్మిదిన్నర దాకా కూర్చోబెట్టకు. షుగరు మందులు వాడేవాళ్ళు వేళకి తినాలి, లేకపోతే కళ్ళు తిరిగి పడిపోతారు. ఏడున్నరకి ఆవిడా పిల్లలూ తినేయాలి. అందరూ కలిసి తినడం ఆదివారానికి పెట్టుకోండి.

రాత్రికి ఏం వండాలన్న ఆలోచన నీకు షాపు తాళం వేసేటప్పుడు వస్తోంది. అది పొద్దున కాఫీ తాగేటప్పుడే తేలిపోవాలి, ఎవరి పని వాళ్ళకి అప్పుడే చెప్పేయాలి. మీ ఆయన స్టవ్ దగ్గరికి రారన్నావు. కరెంట్ కుక్కర్‌కి మంట ఉండదు కదా, దాని దగ్గరికి రావచ్చు. కడిగిన బియ్యం నువ్వు పెట్టి వెళ్ళు. ఏడింటికి నీళ్ళు పోసి మీట నొక్కడం, కూరలు వెచ్చబెట్టడం ఆయన పని.

ఆదివారం చేపల పులుసుతో మొదలుపెట్టు. బొచ్చె అయితే తలకాయతో సహా కిలో తెచ్చుకో. ముక్కలకి ఉప్పు, పసుపు, కారం పట్టించి పక్కన పెట్టు. వెడల్పాటి గిన్నెలో ఉల్లిపాయ ముద్ద బాగా వేగాక చింతపండు పులుసు పోసి, నూనె పైకి తేలేదాకా మరగనివ్వు. అప్పుడు ముక్కలు జారవిడువు. ఆ తర్వాత గరిటె పెట్టావో ముక్క విరిగిపోతుంది. గిన్నె అంచులు రెండు వైపులా గుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పు, పులుసు దానంతటదే ముక్కల మీదికి వస్తుంది. దించే ముందు చిటికెడు మెంతిపొడి, కొత్తిమీర. మధ్యాహ్నం వండితే రాత్రికి పులుపూ కారమూ ముక్కకి పట్టి ఇంకా బాగుంటుంది. అత్తగారికి ముళ్ళు తీసి పెట్టే పని పదో తరగతివాడికి అప్పజెప్పు, పుస్తకాల మధ్య కాస్త ఆటవిడుపు. సోమవారం శివుడి పేరు మీద నీచు ముట్టని ఇళ్ళు చాలా ఉంటాయి కాబట్టి ఆ రాత్రికే గిన్నె ఖాళీ చేసేయండి.

అదే రాత్రి కందిపప్పు రెండు గ్లాసులు కుక్కర్‌లో పడేయి. పసుపు, రెండు చుక్కల నూనె చాలు. చింతపండు, టమాటా అప్పుడే వేయకు, పులుపు తగిలితే పప్పు మెత్తబడదు. చల్లారాక రెండు డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టేశావంటే సోమ, మంగళవారాలు గట్టెక్కినట్టే. సోమవారం మెంతికూర పప్పు. చలికాలం మెంతికూర లేతగా, చవగ్గా ఉంటుంది. కూర విడిగా మగ్గించి పప్పులో కలిపి పోపు పెట్టడమే. అది నువ్వు పొద్దున్నే చేసేయి. మంగళవారం పప్పుచారు. ఫ్రిజ్‌లో పప్పు గడ్డకట్టి ఉంటుంది, వేడినీళ్ళతో మెదిపాకే పులుసు పోయి. ములక్కాడల జోలికి ఈ నెలల్లో పోకు, దొరకవు, దొరికినా బంగారం ధర చెబుతారు. ముల్లంగి చక్రాలు వేసుకో. మా మెస్సులో ముల్లంగి అనగానే ముక్కు మూసుకున్న పిల్లలే పప్పుచారులో ముక్కలు వెతుక్కుని తినేవాళ్ళు.

బుధవారం వంకాయ చిక్కుడుకాయ. ఏడాది పొడుగునా వంకాయ దొరుకుతుందంటారు గానీ దాని రుచి చలికాలానిదే. చిక్కుడుకాయకి ఈనెలు తీయడమే పెద్ద పని. తొడిమ విరిచి ఒక పక్క నార లాగి, కొసని విరిచి రెండో పక్క లాగాలి. ఒక్క పక్కే లాగి వదిలేస్తే తినేటప్పుడు నోట్లో దారంలా చుట్టుకుంటుంది. మంగళవారం మధ్యాహ్నం మీ అత్తగారిని వాకిట్లో ఎండకి కూర్చోబెట్టి చేట ముందు పెట్టు. పళ్ళు లేకపోయినా వేళ్ళు ఉన్నాయి కదా, ఆవిడకీ పొద్దుపోతుంది. గింజలు పట్టిన కాయల్ని ఒలిచి గింజలు వేసేయమను. బుధవారం పొద్దున క్యారేజీల కూర వండేటప్పుడే రెండింతలు చేయి. చిక్కుడుకాయని ఉప్పు వేసి ఒక్క విజిల్ రానిచ్చి, మగ్గుతున్న వంకాయలో కలిపి, అల్లం పచ్చిమిర్చి ముద్ద వేసి దించు. రాత్రికి వెచ్చబెట్టుకుంటే సరి. అత్తగారికి వంకాయ ముక్కలు మెదిపి పెట్టు. అన్నం తగ్గించి కూర ఎక్కువ వేయమని మీ ఆయనకి గట్టిగా చెప్పు, ఆ విషయంలో అత్తగారి దగ్గర ఆయన మాటే చెల్లుతుంది.

గురువారం కట్టె పొంగలి. ధనుర్మాసం కాబట్టి గుళ్ళో పెడుతూనే ఉంటారు, ఇంట్లోనూ ఒకరోజు చేసుకోవచ్చు. అత్తగారి షుగరు చూసుకుని బియ్యం ఎంతో పెసరపప్పు అంతే పోయి. మిరియాలు దంచి వేయి, అల్లం ఎక్కువ వేయి, నమలక్కర్లేని భోజనం. శుక్రవారం టమాటా చారు, కొత్త ఉసిరికాయ పచ్చడి, నీ కర్రీ పాయింట్ వేపుడు. శనివారం రాత్రి అన్నం మానేసి టిఫిన్ తినే అలవాటు ఉంటే పెసరట్టు వేసుకో. ఇడ్లీ పిండి ఈ చలికి పొంగదు. పెసరట్టుకి ఆ బాధ లేదు, షాపుకి వెళ్ళేటప్పుడు పెసలు నానబోసి, రాగానే రుబ్బి వేసేయడమే. అట్టు వేడిగా తినాలి కాబట్టి ఆ ఒక్క రాత్రీ పెనం దగ్గర నువ్వే నిలబడాలి. పెద్దావిడకి మాత్రం ఏడున్నరకే ఏదో ఒకటి పెట్టించు.

ప్రశ్న: సంక్రాంతి ముందు మా పొలం నుంచి కొత్త బియ్యం వచ్చాయి. రోజూ అన్నం ముద్దయిపోతోంది. పిల్లలు తినడం లేదు.
– నిజామాబాద్ నుంచి ఒక అమ్మ

జవాబు: కొత్త బియ్యం నీళ్ళు తక్కువ తాగుతాయి తల్లీ. పాత బియ్యానికి గ్లాసుకి రెండు గ్లాసులు పోస్తున్నారనుకుంటే, వీటికి ఒకటిన్నర దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. నానబెట్టొద్దు. కుక్కర్ పక్కన పెట్టి, ఎసట్లో పోసి గంజి వార్చుకుంటే ఇంకా పొడిగా వస్తుంది. ఇంట్లో పాతవి మిగిలి ఉంటే సగం సగం కలపండి. పరమాన్నానికి, పొంగలికి మాత్రం ఈ కొత్త బియ్యమే కావాలి, పండక్కి ఒక డబ్బా తీసి దాచుకోండి.

ప్రశ్న: చికాగోలో ఉంటాం. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. పిల్లలు స్కూలు నుంచి రాగానే ఆకలంటారు, చిప్స్ తింటారు, ఎనిమిదింటికి అన్నం పెడితే వద్దంటారు. పెరుగు కూడా తోడుకోవడం లేదు.
– ఒక పాఠకురాలు, చికాగో

జవాబు: ఎనిమిదింటికి అన్నం పెట్టడం మన ఊరి అలవాటమ్మా, అక్కడి చీకటికి అది కుదరదు. ఐదున్నరకే అన్నం పెట్టేయి, పడుకోబోయే ముందు పాలో పండో ఇవ్వు. మీరిద్దరూ తర్వాత తినొచ్చు. పెరుగుకి పాలు వేలు పెట్టి ఓర్చుకోగలిగినంత వేడి ఉండాలి, తోడు ఎండాకాలం కంటే కాస్త ఎక్కువ పడాలి. గిన్నెని ఓవెన్‌లో పెట్టి లోపలి దీపం మాత్రం వెలిగించి రాత్రంతా వదిలేయి. ఓవెన్ వేడి పెట్టావంటే పాలు విరుగుతాయి. తోడుకునేదాకా కదపొద్దు.

ప్రశ్న: నా భార్య హైస్కూలు టీచరు. పదో తరగతి వాళ్ళకి స్పెషల్ క్లాసులు మొదలయ్యాయి, ఇల్లు చేరేసరికి ఏడవుతోంది. నాకు అన్నం, ఆమ్లెట్ తప్ప ఏమీ రావు. ఈ రెండు మూడు నెలలైనా ఆమెకి వేడిగా భోజనం పెట్టాలని ఉంది.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: అన్నం వచ్చినవాళ్ళకి కిచిడీ వచ్చినట్టే బాబూ. బియ్యంలో మూడో వంతు పెసరపప్పు కలిపి కడగండి. కుక్కర్‌లో నూనె వేడెక్కాక జీలకర్ర, చీల్చిన పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేయించి, పసుపు, ఉప్పు, బియ్యం వేసి అన్నానికి పోసినట్టే నీళ్ళు పోయండి. మెత్తగా కావాలంటే ఇంకో అర గ్లాసు పోయండి. పక్కన పచ్చిపులుసు. మీ ఊళ్ళో ఇది నేను చెప్పాలా అంటారేమో, తినడం వేరు, చేయడం వేరు. చింతపండు నానబెట్టి పల్చగా పిసికి, పచ్చిమిర్చి మంట మీద కాల్చి ఉప్పుతో నలిపి అందులో వేయండి. ఉల్లిపాయ సన్నగా తరిగి చేత్తో పిండి కలపండి. వేయించిన నువ్వుల పొడి ఒక చెంచా, కాస్త బెల్లం, పైన పోపు. పోపు మాడితే పారేసి మళ్ళీ పెట్టుకోండి, ఆ మాడు వాసన పులుసంతా పాకుతుంది. మొదటి వారం ఇదొక్కటే రెండు రాత్రులు చేయండి. చేయి తిరిగాక ఉత్తరం రాయండి, టమాటా పప్పు చెబుతాను.