లైన్‌ని పంక్తి చేయకు

పర్లాకిమిడి

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ కథ చదివాను. తల్లి పాత్ర బాగుంది. నాలుగో పేజీ దగ్గర మాత్రం కోపమొచ్చి కాగితాలు పక్కన పడేశాను. గుణుపురంలో రాత్రిపూట పక్కింటి ఒడియా ఆవిడ గుమ్మంలోకొచ్చి "విద్యుత్ సరఫరా నిలిచిపోయింది" అంటుందా? "లైన్ గలా" అంటుంది. ఆ రెండు ముక్కలుంటే కథ మన ఊళ్ళో జరిగినట్టుండేది. ఇంగ్లీషు మాట కదా, తెలుగు కథలో ఎందుకనుకున్నావేమో.

ఆ మాట సంగతి విను. దాని మూలం లాటిన్‌లో అవిసె నార దారం. లినెన్ బట్టా అక్కణ్ణించి వచ్చిందే, కోటు లోపలి లైనింగూ అంతే. దారం గీతయింది, గీత వరుసయింది, పద్యంలో పాదమయింది, నటుడు అప్పజెప్పే డైలాగయింది, నుదుటి మీద ముడతయింది, వంశమయింది, చేసే పని కూడా అయింది. గాలానికి కట్టే దారాన్ని ఇంగ్లీషువాళ్ళు ఇప్పటికీ లైనే అంటారు.

మన నోట్లో పడ్డాక అర్థం తేల్చేది మన క్రియ. రేషన్ షాపు ముందు లైన్ కడతాం. ఫోన్లో లైన్ కలుస్తుంది, మాట మధ్యలో కట్టవుతుంది. కొట్టు మూసి కాంట్రాక్టుల్లో దిగినవాడు లైన్ మార్చాడంటాం. తిరుగుబోతు కొడుకు పెళ్ళయ్యాక లైన్లో పడతాడు. క్రియ ఒక్కటే అయినా, ఎవరు ఎవరికి అన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుంది. 1900లో రాజావారు నౌపడ నుంచి మా ఊరికి రైలు లైన్ వేయించారు. నీ కథలో సైకిల్ కుర్రాడు టీచరమ్మ కూతురికి లైన్ వేస్తున్నాడు. నువ్వేమో "ప్రేమగా చూసేవాడు" అని రాశావు! అది ప్రేమో కాదో ఆ పిల్లకే ఇంకా తేలలేదు. ఆ తేలకపోవడమే కదా నీ కథ?

నేను కొత్తగా రాస్తున్న రోజుల్లో ఓ వారపత్రిక సంపాదకుడు నా కథని దిద్దాడు. కిరసనాయిలు కోసం డబ్బాలు పట్టుకుని లైన్లో నిలబడ్డ ఆడవాళ్ళని "పంక్తిలో" నిలబెట్టాడు. పంక్తి అంటే మనకి విస్తళ్ళు, వడ్డన గుర్తొస్తాయి. లేమి కథ కాస్తా పెళ్ళి భోజనమైపోయింది. ఉత్తరం రాస్తే జవాబు లేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఇప్పటివాళ్ళది ఇంకో తీరు. అక్కర్లేని చోట ఇంగ్లీషు కుక్కితే "ఫ్రెష్‌గా ఉంది" అంటారు. ఆ మెప్పు కోసమూ రాయకు.

గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరమ్మా ఇది. జనం మాట్లాడే తెలుగే రాయాలని ఆయన పోరాడింది ఇక్కణ్ణించే. 1936లో ఒడిశాలో కలిశాక మన తెలుగు ఒడియా పక్కనే బతుకుతోంది. ఆ తెలుగు హైదరాబాదులో కూర్చున్నవాళ్ళకి వినపడదు. నీకు రోజూ వినపడుతుంది.

నువ్వడిగిన కలంపేరు గురించి తర్వాత చూద్దాం. నాలుగో పేజీ, సైకిల్ కుర్రాడి పేజీ తిరగరాసి పంపు. పక్కింటావిడ మాట ఒడియాలోనే ఉంచు, పక్కన అర్థం రాయకు. ఆ వెంటనే తల్లి అగ్గిపెట్టె కోసం తడుముకుంటే చదివేవాళ్ళకి తెలిసిపోతుంది.